అడిగి, ఆగే మనిషి

సార్ పోయినారన్న సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పడింది. దాని కింద ‘మా ప్రియమైన ట్రైనర్ ఇక లేరు’ అని ఒక ముక్క. ఆ ముక్క కింద వరసబెట్టి దండాల బొమ్మలు. ఆ దండాలు పెట్టినోళ్ళలో సగం మందికి ఆయన మొహం తెలీదు. మిగిలిన సగం మంది ఆయన ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు కాదు. నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫోటో కూడా తీయించుకున్న ఫోటో కాదు. ఏదో క్లాసు జరుగుతా ఉంటే స్క్రీన్ మీదనించి పట్టిన బొమ్మ. నోరు మూసుకుని, తల రొంత ఎడమపక్కకి వంచి, కెమెరాకేసి చూస్తా ఉండారు. అవతల ఎవరో మాట్లాడతా ఉంటే ఈయన వింటా ఉండారని అనుకుంటారు చూసేవాళ్ళు. అప్పుడు ఎవరూ మాట్లాడడం లేదు. సార్ ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగి ఉండారు. ఆ ఆగడం చూసీ చూసీ ఆ మెడ వంపు నాకు కంఠతా వచ్చేసింది.

ఆయన పనేందో మా అమ్మకి ఎన్నిమార్లు చెప్పినా ఎక్కేది కాదు. "ఫోనులో పాఠం చెప్తారుమా" అంటే "ట్యూషనా?" అనేది. రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్ళకి, ప్లాంటుల్లో రొయ్య ఒలిచే ఆడోళ్ళకి, పనిలో ప్రాణం మీదికి రాకుండా ఎట్ట ఉండాలో నేర్పించే క్లాసులు అవి. హైదరాబాదులో ఉండే ఒక కంపెనీ పెట్టిస్తాది. పాఠం తయారు చేసేది సార్, ఎదురుగా కూర్చోని నడిపించేది సార్. కనపడకుండా వెనకాల ఉండేది నేను. వచ్చినోళ్ళని లోపలికి రానిచ్చేది, ఎవరింట్లోనో కుక్కర్ కూత పెడితే మైకు మూసేది, వాళ్ళు రాసిన మాటలు చదివి సార్‌కి అందించేది నేను. ఆయన విడవలూరులో వాళ్ళింట్లో, నేను మా ఊర్లో వడ్ల మూటల పక్కన. అట్ట చానా కాలం నడిపించినాం.

సార్ వాళ్ళ నాయన దర్జీ. ఆ పెద్దాయన పోయినాక అంగడి మూతపడింది, కుట్టు మిషను మాత్రం ఇంటికి చేరింది. సార్ దాని మీద ఒక చెక్కపలక పరిచి ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు. బెల్టు తీసేసిన మిషను, చప్పుడు రాదు. ప్రశ్న అడిగి ఆగినప్పుడల్లా కింద ఆయన కాళ్ళు తొక్కతానే ఉంటాయి. పైన మొహం చూస్తే ఎంత నిదానమో. వాళ్ళింటికి పోయినప్పుడు ఒకమారు కళ్ళారా చూసి, ఇదేంది సార్ అని నవ్వినాను. "కాళ్ళకి పని చెప్పకపోతే నోరు ఊరుకోదు వనజా. జవాబు నేనే చెప్పేస్తా" అన్నారు.

సార్ దగ్గర నేను మొదట తిన్న చీవాట్లు ‘అర్థమైందా’ అన్న మాటకి. కొత్తలో ఒకరోజు ఆయనకు దగ్గు వచ్చి నీళ్ళు తాగతా ఉంటే, ఊరికే ఉండడమెందుకని నేను మైకు తీసి "అందరికీ అర్థమైందా అండీ" అన్నా. అర్థమైంది మేడం, అర్థమైంది మేడం అని గుంపుగా వచ్చినాయి. నాకు బలే సంతోషం. క్లాసు అయినాక ఆయన ఫోన్ చేసినారు.

"పెళ్ళింట్లో ఎదురొచ్చి భోంచేసినావామ్మా అంటే ఏమంటావు వనజా?"

"తినకపోయినా తిన్నాననే అంటాం కదా సార్."

"అర్థమైంది అనేది కూడా అట్టాంటిదే. అది మర్యాద. మనం మర్యాద నేర్పించడానికి రాలేదు."

మరి ఆయన ఎట్ట అడుగుతారంటే, "రేపు పొద్దున గట్టు మీదికి పోతావు. కాళ్ళు తడిగా ఉండాయి. మోటారు ఆడడం లేదు. నీ చెయ్యి ముందు యాడికి పోతాది?" అంటారు. పేరు పెట్టి పిలుస్తారు. ఇంక ఆగుతారు. నా మాట వినపడతా ఉందా అని కూడా ఏనాడూ అడగలేదు. "మీ దగ్గర గాలి యాపక్కనించి తోలతా ఉంది?" అంటారు. విన్నోడే జవాబు చెప్పగలడు, చెప్పడానికి ఒకసారి తల తిప్పి చూడాలి. ఆ తల తిప్పేసరికి మనిషి క్లాసులోకి వచ్చేసినట్టే అనేవారు.

ఇంకొక మొండితనం ఉండేది. ఎవరైనా సరైన జవాబు చెప్తే దాన్ని మళ్ళీ తన నోటితో చెప్పరు. "శభాష్, అదే" అనేసి ముందుకి పోతారు. మీరు కూడా ఒకసారి చెప్తే గట్టిపడతాది కదా సార్ అని నేను గొణిగేదాన్ని. "వాళ్ళలో ఒక మనిషి చెప్పింది చాలు. నేను మళ్ళీ చెప్పినానంటే ఆ మనిషి చెప్పింది చాల్లేదని. అప్పుడు అందరూ ఆ మనిషిని వదిలేసి నన్ను గుర్తు పెట్టుకుంటారు" అనేవారు. అప్పుడూ అది న్యాయంగానే అనిపించింది నాకు. ఇప్పుడూ అందులో తప్పు పట్టలేను. అదే ఆయన కొంప ముంచింది.

రవణమ్మ మాట్లాడిన రోజు సంగతి చెప్తా. ఆరోజు శ్రీహరికోటలో రాకెట్ పోయింది. చిట్టమూరు పక్క గుంటల మీదనించి చేరినోళ్ళ ఫోనుల్లో ముందు ఉరిమినట్టు వచ్చింది. రేకుల షెడ్లు గడగడలాడినాయి. ఇంకెవరు పాఠం వింటారు. సార్ ఆపేసి, "రాకెట్ పోతా ఉంది, పోయి చూసి రాండి. నేను ఈడే ఉంటా" అన్నారు. అందరూ ఫోన్లు పడేసి బయటికి ఉరికినారు. నేను కూడా మిద్దెక్కి చూసి వచ్చినా. సార్ మాత్రం మిషను ముందునించి లేవలేదు. అందరూ లేచిపోతే తిరిగొచ్చినోళ్ళకి క్లాసులో ఎవరు కనపడతారు అని ఆయన బాధ.

తిరిగొచ్చినాక కరెంటు పాఠం మొదలుపెట్టినారు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు ఉంటాయి, రొయ్యకి గాలి ఆడడానికి. వాటికి నీళ్ళలోనించే వైర్లు పోతాయి. ఎక్కడన్నా వైరు చిట్లితే నీళ్ళలో దిగిన మనిషిని కరెంటు పట్టేస్తాది. మా పక్క ఇది కొత్త సంగతేం కాదు.

రవణమ్మ అని ఒకామె ప్రతి క్లాసుకీ వచ్చేది. ఎప్పుడూ మొహం చూపించేది కాదు, మైకు తీసేది కాదు. నల్ల గడిలో పేరు ఒక్కటే ఉండేది. సార్ ఆరోజు ఆమెనే పిలిచినారు. "గుంటలో దిగిన మనిషిని కరెంటు పట్టుకుంది. నువ్వు గట్టు మీద ఉండావు. కళ్ళముందే కొట్టుకుంటా ఉండాడు. ముందు ఏం చేస్తావు, రవణమ్మా?"

ఇంక ఆగినారు. అంతసేపు ఆయన ఎప్పుడూ ఆగలేదు. నేను ఉండబట్టలేక, ఆమె మాట్లాడదు సార్, ఇంకొకరిని అడగండి అని రాసి పంపినా. చదివినారు, కదల్లేదు. ఎప్పటికో ఆమె మైకు తెరుచుకుంది. ముందు గాలి, చక్రాలు నీళ్ళని కొట్టే చప్పుడు. తర్వాత ఆమె గొంతు.

"మా ఆయన్ని అట్టే పట్టుకుంది సార్. నేను దూకబోయినా. మా మరిది నా జుట్టు పట్టుకుని ఎనక్కి లాగినాడు. ఆయప్పని కొట్టినా, కొరికినా, వదల్లేదు. మా ఆయన పోయినాడు. నేను ఉండా, నా పిల్లకాయలకి." మళ్ళీ గాలి చప్పుడు. "ముట్టుకోను సార్. నీళ్ళలో దిగను. ఎవరైనా సరే. పరిగెత్తి పోయి ముందు మెయిన్ స్విచ్చి ఆపేస్తా."

సార్ గొంతు పూడుకుపోయింది. "శభాష్. అదే. ఇది జన్మలో మర్చిపోవద్దు" అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ముందుకి పోదాం" అన్నారు. అంతే, ఆ పాఠం మీద ఇంకొక మాట కలపలేదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టు నేను ఎన్ని జన్మలెత్తినా చెప్పలేను వనజా అన్నారు. ఆయన అంత ఆనందంగా మాట్లాడడం నేను విన్నది అదే కడపటి మారు.

కొన్నాళ్ళకి క్లాసులు ఆగిపోయినాయి. రొంతకాలం ఉండవు, మళ్ళీ పిలుస్తాం అని కంపెనీవాళ్ళు మెయిల్ పెట్టినారు. నేను నెల్లూరులో ఒక బట్టలంగడిలో బిల్లులు కొట్టే పనికి కుదిరినా. సార్ ఇంట్లో కూర్చోని కొత్త పాఠాలు తయారు చేస్తానే ఉండారు, పిలిచినప్పుడు సిద్ధంగా ఉండాలని.

మా మేనమామ గుంటలు చూసే శీనయ్య ఒకరోజు అంగడికి వచ్చి నన్ను చూడంగానే తగులుకున్నాడు. "ఏందక్కా మీ సార్, మాతో పరాచికాలా? నిన్న క్లాసులో రాకెట్ పోతా ఉంది, పోయి చూసి రాండి అన్నాడు. అందరం గట్టెక్కి మెడలు ఎత్తుకుని నిలబడినాం. కొంగలు తప్ప ఏం లేదు ఆకాశంలో."

నేను కూడా నవ్వినా. నవ్వతా నవ్వతానే బిల్లు కొట్టబోయి ఆగినా. నిన్న క్లాసేంది? క్లాసులు లేక ఎన్నాళ్ళయింది?

సార్‌కి చెప్తే ఆయనా ముందు నవ్వినారు. పాత క్లాసు రికార్డింగు ఏదో వేసినట్టుండారులే అన్నారు. నవ్వు మధ్యలోనే ఆపి, "రాకెట్ క్లాసంటే రవణమ్మ క్లాసు కదా వనజా" అన్నారు. నువ్వు ఒకసారి ఇంటికి రా అన్నారు.

సెలవు పెట్టి పోయినా. ఇద్దరం మిషను ముందు కూర్చోని, వేరే పేర్లతో ఆ క్లాసులో చేరినాం. పైన మూలన ఎర్రచుక్క, పక్కన ‘లైవ్’ అని. కింద మైకు బొత్తాం ఉంది, నొక్కి చూసినా మా మాట ఎక్కడికీ పోలేదు. మధ్యలో సార్ మొహం. గాలి యాపక్కనించి తోలతా ఉంది అని అడిగింది ఆ మొహం, ఆగింది, "బాగుంది" అనింది. జవాబు చెప్పినోళ్ళ గొంతు ఒక్కటి కూడా లేదు. కూలోళ్ళ గొంతులు వాళ్ళని అడక్కుండా వాడుకుంటే కేసులవుతాయంట, అందుకని కోసేసినారు. కోసిన చోట కలిపెయ్యకుండా అంతసేపూ ఖాళీగా వదిలేసినారు. అట్ట వదిలితే సార్ ఎదురుగా ఉండి వింటా ఉన్నట్టు ఉంటాది కదా. ఎంత తెలివి చూడండి.

కరెంటు పాఠం వచ్చింది. "కళ్ళముందే కొట్టుకుంటా ఉండాడు. ముందు ఏం చేస్తావు?" అని అడిగింది ఆ మొహం. రవణమ్మ పేరు లేదు. ఖాళీ. గాలి లేదు, చక్రాల చప్పుడు లేదు, ఆమె మొగుడు లేడు, మరిది లేడు, మెయిన్ ఆపేస్తానన్న మాట లేదు. ఆ ఖాళీ చివర్న సార్ గొంతు పూడుకుపోయి, "శభాష్. అదే. ఇది జన్మలో మర్చిపోవద్దు" అనింది. ముందుకి పోదాం అనింది.

నా పక్కన సార్ రెండు చేతులూ మిషను మీద ఆనించుకుని అట్టే ఉండిపోయినారు. "ఈ ఖాళీలో వాళ్ళు ఏం చెప్తా ఉంటారు వనజా?" అన్నారు.

అప్పటికప్పుడు శీనయ్యకి ఫోన్ కొట్టి స్పీకరు పెట్టినా. మొన్న క్లాసులో కరెంటు గురించి అడిగినప్పుడు నువ్వేం చెప్పినావు అని అడిగినా.

"మైకు బొత్తాం నొక్కి గట్టిగా చెప్పినానక్కా. అట్టే గుంటలో దూకి, రెక్క పట్టుకుని బయటికి లాగి పడేస్తా అన్నా. మీ సార్ శభాష్ అన్నాడు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది, నా ధైర్యానికి."

సార్ ఫోన్ లాక్కున్నారు. "శీనయ్యా, అది తప్పు నాయనా. దూకితే నువ్వూ పోతావు. ముందు మెయిన్ ఆపాలి. ముట్టుకోకూడదు."

"మరి శభాష్ అంటిరే?"

"నేను నీకు చెప్పలేదు నాయనా. అది ఎప్పటిదో. నీ జవాబు నాకు వినపడలేదు."

"సరే సార్. అర్థమైంది సార్" అన్నాడు శీనయ్య.

సార్ ఫోన్ కింద పెట్టి నాకేసి చూసినారు. "అర్థమైంది అన్నాడు వనజా" అన్నారు. ఆ మొహం నేను మర్చిపోలేకపోతా ఉండా.

ఇంక అప్పట్నించి ఆ మనిషికి వేరే లోకం లేదు. కంపెనీకి ఫోన్లు మొదలుపెట్టినారు. ఒక కుర్ర మేనేజరు ఎత్తేవాడు, తేనె పూసిన గొంతు. "సార్, మీ క్లాసులకి రెస్పాన్స్ చాలా బాగుంది. అడిగి ఆగుతారు చూడండి, అది అందరికీ నచ్చింది" అనేవాడు. ఇది రికార్డింగని ముందు ఒక్క మాట వెయ్యండి నాయనా అని సార్ అడిగినారు. అలా వేస్తే ఎవరూ కూర్చోరు సార్ అన్నాడు. పోనీ ఆ ఒక్క శభాష్ తీసెయ్యండి అన్నారు. పాఠాలన్నీ ఫైనల్ అయిపోయాయి సార్, రిక్వెస్ట్ పెడతాను అన్నాడు. అయితే నేనే వచ్చి ఊరికే నడుపుతా, ఏం ఇవ్వబాకండి అన్నారు. లైవ్ ప్లాన్ ఇప్పుడు లేదు సార్ అన్నాడు. వాడిని ఎదురుగా నిలబెట్టి ఒక్క ప్రశ్న అడిగి, వాడు జవాబు చెప్పేదాకా కదలకుండా ఉండాలని ఉంటాది నాకు. దొరకడు. తర్వాత తర్వాత ఆ ఫోన్ ఎత్తడం కూడా మానేసినాడు.

సార్ స్కూటరేసుకుని గుంటల మీదికి పోవడం మొదలుపెట్టినారు. ఆయనకి షుగరు. అరికాల్లో ఎప్పట్నించో ఒక పుండు, మానీ మానకుండా. ఆ ఉప్పుబురదలో, ఆ గట్ల మీద చెప్పులు చేత పట్టుకుని నడిచేవారు. సెలవు రోజుల్లో నేనూ తోడు పోయేదాన్ని. ఏ షెడ్డు కనపడితే ఆ షెడ్డు దగ్గర ఆగి, నేను ఫలానా, ఫోనులో క్లాసు చెప్పేవాణ్ణి, నేను మీకు శభాష్ అన్నది తప్పు అని చెప్పుకునేవారు. ఎట్టుంటాది చూడండి ఆ మాట. కొందరు మంచి నీళ్ళిచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. కొందరు ఏ పార్టీ తరఫున వచ్చినారు అని అడిగేవాళ్ళు. ఒకచోట ఒకాయన ఫోనులో బొమ్మకేసీ సార్ మొహంకేసీ మార్చి మార్చి చూసి, "ఆయన లావుగా ఉండాడే. నువ్వు ఆయన తమ్ముడివా?" అన్నాడు. సార్ అప్పటికే సగమైపోయి ఉండారు. నేను కోపం పట్టలేక ఏదో అనబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపినారు. అడుగు వనజా, తిట్టబాక అన్నారు. ఆడ కూడా ఆయనే అడిగి, ఆ ఎండలో నిలబడి, వాళ్ళు జవాబు చెప్పేదాకా ఆగినారు. వాళ్ళకి పనులుండాయి, మేత చల్లే టైమయింది, వెళ్ళిపోయినారు.

అక్కా, ఆయన్ని పోనివ్వబాకండి అని సార్ భార్యకి నేను చెప్పి చూసినా. "గేటుకి తాళం వేసినా వనజా. గోడ దూకే వయసు కాదు కదా అనుకున్నా. తాళం తియ్యమని అడగలేదు, గేటు దగ్గర నిలబడినాడు. ఎంతసేపని చూస్తా, నేనే తీసినా" అనింది ఆమె. ఎదురుచూడడంలో ఆయన్ని గెలిచినోళ్ళు లేరు.

చిట్టమూరు పక్క గుంటలో ఇద్దరు పోయినారని పేపర్లో వచ్చింది. ఒకాయన్ని కరెంటు పట్టుకుంటే, రక్షించబోయి ఇంకొకాయన దూకినాడు. ఇట్టాంటివి ముందూ జరిగినాయి, క్లాసులు లేని కాలంలో కూడా దూకేవాళ్ళు దూకినారు, మీరు మనసులో పెట్టుకోబాకండి సార్ అని నేను ఎంత చెప్పినా వినలేదు. కాలికి కట్టుతోనే బస్సెక్కి ఆ రెండో ఆయన ఇంటికి పోయినారు. మీవాడు ఫోనులో క్లాసులు వినేవాడా అని అడిగినారంట. ఇంట్లోవాళ్ళకి తెలీదు. ఫోను జేబులోనే ఉండి నీళ్ళపాలైంది.

"తెలీదన్నారు వనజా. ఇంక నాకు ఎప్పటికీ తెలీదు" అన్నారు వచ్చినాక. విన్నాడని తెలిస్తే ఏడ్చి ఉందురు, వినలేదని తెలిస్తే ఊపిరి పీల్చుకుందురు. రెండూ లేకుండా పోయినాయి. ఆ మాట దగ్గరే ఆయన ప్రాణం సగం పోయిందని నా ఏడుపు.

పుండు కాలంతా పాకింది. నెల్లూరులో ఆస్పత్రిలో చేర్చి, ముందు వేళ్ళు తీసినారు, తర్వాత పాదం తీసినారు. కడపటి మారు చూడబోయినప్పుడు మగతలో ఉండారు. నన్ను గుర్తుపట్టి, "ఇంకా వేస్తా ఉండారా?" అని అడిగినారు. ఏం చెప్పాలి నేను? ఆపేసినారు సార్ అని చెప్పుంటే సుఖంగా పోయేవారేమో. ఆయన ఎదురుగా ఉత్తుత్తి మాట నోటికి రాదు ఎవరికీ. వేస్తా ఉండారు సార్ అన్నా. గోడపక్కకి తిరిగి పడుకున్నారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

గ్రూపులో ఫోటో చూసి నేను విడవలూరు చేరేసరికి మట్టి చెయ్యడం అయిపోయింది. సార్ ఇంటికి పోతే అక్క కిటికీలన్నీ మూసి కూర్చోనుంది. ఎండాకాలం, ఫ్యాను కూడా లేదు. తియ్యబోతే వద్దనింది. ఎదురింటి అమ్మాయి ప్లాంటులో పనికి కుదిరిందంట. ఆ అమ్మాయి ఫోనులో క్లాసు పెట్టినప్పుడల్లా ఆయన గొంతు సందులోకి వస్తాది. "ఆ గొంతు ఏదో అడుగుతాది వనజా. నేను జవాబు చెప్పబోతా, పిలిచినాడేమో అనుకుని" అనింది. నేను ఆమె పక్కన కూర్చోని, ఏడవడం తప్ప ఏం చెయ్యలేకపోయినా.

మొన్న ఆదివారం, సముద్రం పక్క గుంటల మీదికి పోయినా. సార్ పోలేకపోయిన షెడ్లు ఆపక్క చానా ఉండాయి. ఏం సాధిద్దామని పోయినానో నాకే తెలీదు. ఒక షెడ్డు ముందు నలుగురైదుగురు గుమిగూడి ఉండారు, మధ్యలో మేత బస్తాకి ఆనించిన ఫోను. దగ్గరికి పోకముందే గొంతు గుర్తుపట్టినా. చనిపోయిన మనిషి గొంతు ఎండలో అంత స్పష్టంగా వినపడతా ఉంది.

"కళ్ళముందే కొట్టుకుంటా ఉండాడు. ముందు ఏం చేస్తావు?" అన్నారు సార్. ఆగినారు.

కొత్తగా పనిలోకి వచ్చిన జంట ఒకటి ఉంది ఆ గుంపులో, చిన్నవాళ్ళు. ఆ పిల్ల సిగ్గుపడతా ఉంటే, చెప్పు చెప్పు అని మొగుడు భుజంతో పొడిచినాడు. ఆ పిల్ల బొత్తాం నొక్కి, ఫోను దగ్గరికి వంగి, "మా ఆయనైతే నేను వదలను సార్. నేను కూడా దూకేస్తా" అనింది.

సార్ గొంతు పూడుకుపోయింది. "శభాష్. అదే. ఇది జన్మలో మర్చిపోవద్దు" అన్నారు.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. వాడు పెళ్ళాన్ని చూసుకుని మురిసిపోతా ఉండాడు.

"అది తప్పమ్మా" అన్నా నేను. అందరూ నాకేసి తిరిగినారు. "దూకబాకండి. ముందు మెయిన్ ఆపండి. ముట్టుకుంటే ఇద్దరూ పోతారు. అది పాత రికార్డింగు. నీ మాట ఆయనకు వినపడలేదు."

"వినపడకపోతే శభాష్ ఎందుకంటాడు?" అనింది ఆ పిల్ల.

"ఆయన లేడు తల్లీ. చనిపోయినాడు."

ఆ పిల్ల నన్ను కిందనించి పైదాకా చూసింది. నేను పిచ్చిదాన్నో, వాళ్ళ మంచి చూసి ఓర్వలేనిదాన్నో తేల్చుకోలేకపోతా ఉంది. ఇంక నాతో మాట్లాడి లాభం లేదనుకుని ఫోనుకేసి తిరిగి, "ఎవరో అక్క వచ్చి నేను చెప్పింది తప్పంటా ఉంది సార్. మీరే చెప్పండి" అనింది.

అందరం ఫోనుకేసి చూస్తా ఉండాం. సిగ్గు లేకుండా చెప్తా ఉండా, ఆ ఒక్క క్షణం నేను కూడా ఆశపడినా.

సార్ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. "ముందుకి పోదాం" అన్నారు.

నేను మళ్ళీ నోరు తెరవబోయినా. ఆ పిల్ల మొగుడు చెయ్యి అడ్డం పెట్టి, మర్యాదగానే, "గమ్మునుండక్కా. సార్ మాట్లాడతా ఉండాడు" అన్నాడు.